తలకిందుల చీటీ

ట్రైనీల హాస్టల్, మూడో అంతస్తు
ఆదివారం

అక్కకి,

చేరగానే రాయమన్నావు. చేరి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజుల్లో నేను టీచర్‌నయ్యానో, ముప్పై ఒక్కమంది పిల్లలకి ఆటబొమ్మనయ్యానో ఇంకా తేలలేదు.

నాకిచ్చింది రెండో తరగతి. గదికి రెండు కిటికీలు. ఒకటి మూసుకోదు, ఇంకొకటి తెరుచుకోదు. నల్లబల్ల మీద ఎడమవైపు పైమూల నుంచి కుడివైపు కిందమూల దాకా సన్నటి పగులు. అసలు టీచర్‌గారిని పిల్లలు పెద్ద టీచర్ అంటారు, నన్ను చిన్న టీచర్ అంటున్నారు. పాఠం నేను చెబుతుంటే ఆవిడ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. తొమ్మిదో వారంలో కాలేజీ నుంచి లెక్చరర్‌గారు వచ్చి, నా పాఠమూ రికార్డూ చూసి, నేను ఈ పనికి పనికొస్తానో లేదో రాసిపోతారు.

మూడు రోజులు కూర్చుని తయారుచేసుకున్న మొదటి పాఠం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మిగతా ముప్పై ఆరు నిమిషాలు ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. నేను నీళ్లు నములుతుంటే ముందు వరసలోంచి ఒక పిల్ల అడిగింది.

"టీచర్, మీకు పెళ్లయిందా?"

"కాలేదు."

"మరి మీ ఇంట్లో ఎవరుంటారు?"

"అమ్మ, మా అక్క. మా అక్క బట్టల మీద పేర్లు కుడుతుంది."

అంతవరకూ సంతలా ఉన్న గది ఒక్కసారి సద్దుమణిగింది. "ఎవరి పేరైనా కుడుతుందా? నా పేరు కూడానా?" అని గోల. నేను బడిలో చేరిన రోజు నువ్వు నా సంచీ మీద ఎర్రదారంతో కుట్టిన నా పేరు ఉందిగా, ఆ ముక్క ఇప్పటికీ నా పుస్తకాల మధ్యే ఉంది. అది తీసి చూపించాను. చేతులు మారి మారి తిరిగొచ్చేసరికి నలిగిపోయింది. ఈ తరగతిలో నాకంటే నీకే గౌరవం ఎక్కువ అక్కా.

ఒక వింత కూడా చెప్పాలి. మూడో వరసలో ఒక పిల్ల ఉంది. రాత ముత్యాల్లా ఉంటుందని పెద్ద టీచర్ ముత్యాలు అని పిలిచారట, ఇప్పుడు అందరికీ అదే పేరు. నిజంగానే అంత చక్కటి రాత నేను చూడలేదు. కానీ బల్ల మీద నేను రాసిన నాలుగు వరసలు ఎక్కించుకున్నప్పుడు, అక్షరాల మధ్యలోంచి ఏటవాలుగా ఒక సన్నటి గీత కూడా గీసింది. ఏమిటా అని చూస్తే బల్ల మీది పగులు! అల్లరి అనుకుని నవ్వాను. అది నవ్వలేదు.

నీ కళ్లు ఎలా ఉన్నాయి? నీ చేత్తో ఒక్క ముక్కయినా రాయి.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పేర్ల బల్ల
భోజనాల వేళ

చెల్లీ,

నీ ఉత్తరం మా పక్క బల్ల దగ్గర బొత్తాలు కుట్టే ఆవిడ, అదే మా బొత్తాలావిడ, చదివి వినిపించింది. నేనే చదువుకునేదాన్నే, పొద్దస్తమానం సూది చూసీ చూసీ కళ్లు మసకలేస్తున్నాయి. రాద్దామంటే వేళ్లు వంగడం లేదు. అందుకే ఈవిణ్ణి బతిమాలుకోవడం. ఆవిడ రాత బాగోకపోతే నన్ననకు.

ఇక్కడంతా కులాసా. నేను పేర్ల బల్ల దగ్గరే ఉన్నాను. అమ్మ రోజూ నీ గురించే. "మా చిన్నది టీచరు" అని నీళ్ల దగ్గర, దుకాణం దగ్గర, ఆఖరికి దారినపోయేవాళ్లకి కూడా చెబుతోంది. ఇంకా కాలేదే అంటే, "అవుతుందిగా, నీకేం నొప్పి" అంటోంది.

నాలుగు నిమిషాల్లో పాఠం అయిపోయినందుకు బెంగెందుకు? నేను కుట్టిన మొదటి కాలర్ మూడుసార్లు విప్పించారు. బట్టకి కుట్లు విప్పడం కష్టం గానీ పాఠానికేం, మళ్లీ చెప్పుకో.

ఆ పిల్ల సంగతి. పగులు కూడా గీసిందా? పగులు గీసేటప్పుడు అక్షరాలు అయ్యాక గీసిందా, మధ్యమధ్యలో గీసుకుంటూ పోయిందా? కనుక్కుని రాయి.

అక్క

అమ్మాయ్, ఇది బొత్తాలావిడ సొంత మాట. చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని. కానీ మీ అక్క కళ్లకేం లేదు. నిన్న తలుపు దగ్గర నేలమీద పడ్డ సూదిని తన బల్ల దగ్గర కూర్చునే చూసింది. ఇంతకంటే నేను రాయకూడదు.


ట్రైనీల హాస్టల్
నాలుగో వారం

అక్కకి,

నువ్వడిగింది కనుక్కున్నాను. మధ్యమధ్యలోనే గీసుకుంటూ పోయింది. అక్షరం సగం రాసి, పగులు దాటించి, మిగతా సగం రాసింది. ఎవరైనా అలా రాస్తారా? నీకెందుకు ఆ అనుమానం వచ్చింది?

బొత్తాలావిడ మాట నాకు అర్థం కాలేదు. కళ్లు బాగుంటే నాకెందుకు రాయవు?

ఇక్కడ పెద్ద పనే పడింది. ఎవరికి చదవడం వచ్చు, ఎవరికి రాదు అని ముప్పై ఒక్కమందికీ పట్టిక వేయమన్నారు పెద్ద టీచర్. రానివాళ్లని రోజూ ఒక గంట వేరే కూర్చోబెట్టి నేను నేర్పాలి. ఒక్కొక్కరినీ పిలిచి బల్ల మీది నాలుగు ముక్కలు రాయించాను, పాఠం చదివించాను. తొమ్మిదిమందికి రాదని తేలింది. మిగతా ఇరవై రెండుమందిలో మొదటి పేరు ముత్యాలుది. రాత తప్పులేదు, పాఠం గడగడా చదివేసింది. పట్టిక కింద నేను సంతకం పెట్టాను. అక్కా, మన ఇంట్లో సంతకం పెట్టి ఒక మాట చెప్పిన మొదటి మనిషిని నేనే కదా. ఆ కాగితాన్ని చాలాసేపు చూసుకున్నాను.

కానీ నిన్నటి నుంచి మనసులో ఏదో ముల్లు. ముత్యాలు పాఠం చదువుతుంటే వేలు వరసల కింద చక్కగా నడుస్తోంది. పాఠం రెండో పేజీలోకి వెళ్లింది. పేజీ మాత్రం తిరగలేదు. మొదటి పేజీ మీద వేలు పెట్టే రెండో పేజీ చదివేసింది! కంఠతా వచ్చిందేమో అనుకున్నాను. ఇవాళ దాని పక్కన కూర్చుని రోజూ పాఠం పైకి చదివే పిల్ల బడికి రాలేదు. కొత్త పాఠం చదవమంటే ముత్యాలు నోరు విప్పలేదు. "కడుపునొప్పి టీచర్" అంది.

పెద్ద టీచర్‌తో అంటే, "నీకు అన్నీ అనుమానాలేనమ్మా. లెక్చరర్‌గారు వచ్చిన రోజు ఆ పిల్ల చేతే చదివిస్తాను, చూద్దువుగాని" అన్నారు. ఆవిడకి అదంటే ప్రాణం.

చదవడం రాకుండా అంత చక్కగా రాయడం కుదురుతుందా? నాకు అంతు పట్టడం లేదు.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా
టీ వేళ

చెల్లీ,

ఎక్కువ రాయించడానికి టైము లేదు.

ఒక చీటీ మీద ఆ పిల్లకి తెలిసిన ముక్కే రాయి. దాని ముందు తలకిందులుగా పెట్టు. "ఇది ఎక్కించుకో" అను. ఇంకేం అనకు. నీ మొహంలో కూడా ఏం కనపడనీకు, నీకు మొహంలో ఏదీ దాగదు.

అది చీటీని తిప్పి పెట్టుకుంటే నాదే తప్పు, మర్చిపో. తిప్పకపోతే నలుగురిలో ఏమీ అనకు. ముఖ్యంగా నవ్వకు.

నాకెలా తెలుసని అడక్కు.

అక్క

బొత్తాలావిడ: ఈ ఉత్తరం చెబుతూ మీ అక్క రెండుసార్లు లేచి వెళ్లిపోయింది. రెండుసార్లూ నేనే లాక్కొచ్చాను.


ట్రైనీల హాస్టల్
ఐదో వారం, బుధవారం

అక్కా,

తిప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ బయట ఆడుకుంటున్నారు. ముత్యాలుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చీటీ మీద 'చేప' అని రాశాను. దాన్ని తలకిందులుగా పెట్టి, ఎక్కించుకోమన్నాను. పెన్సిల్ చెక్కుకుంది. నాలుక పంటికింద పెట్టుకుంది. తలకట్టూ ఏత్వమూ కిందకి వేలాడుతున్న 'చేప'ని అచ్చు గుద్దినట్టు దించేసింది. గీత ఎక్కడా వణకలేదు. అంత అందంగా తలకిందులుగా రాయడం నా వల్ల కాదు.

"బాగుందా టీచర్?" అంది.

"బాగుంది. ఏం రాశావు?"

"మీరిచ్చిందే."

"అంటే ఏమిటది?"

చాలాసేపు నా మొహంలోకి చూసింది. నేను నవ్వలేదక్కా, నువ్వు చెప్పావుగా. అప్పుడు మెల్లిగా అంది, "అది ఏమిటని ఎవరూ అడగరు టీచర్. బాగుందంటారు, అంతే." చీటీ చేతిలో మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "పెద్ద టీచర్‌కి చెప్పకండి. నా పేరు తీసేస్తారు."

ఏ పేరు అన్నాను.

"ముత్యాలు."

పట్టికలో మొదటి పేరు దానిదే. సంతకం నాది. నేను రాతని చూసి చదువు అనుకున్నాను. రాని తొమ్మిదిమందికీ రోజూ గంట నేర్పుతున్నాను, దీన్ని మాత్రం బాగా వచ్చినదాని కింద జమకట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇంకో నాలుగు వారాల్లో లెక్చరర్‌గారి ముందు నిలబెట్టి చదవమంటారు. అప్పుడు దాని గతేమిటి? ఆ తర్వాత మూడో తరగతికి వెళ్లిపోతే దీన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఇప్పుడు నన్ను అడగనీ. నీకెలా తెలుసు? నా సంచీ మీది పేరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఇది చూసి, మా అక్క బడికి వెళ్లకపోయినా తనంతట తనే అక్షరాలు నేర్చుకుందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నిజం చెప్పు.

చెల్లి


కుట్టు కార్ఖానా, కాజాల బల్ల

చెల్లీ,

పైన చూశావుగా, కాజాల బల్ల. పేర్ల బల్ల నుంచి నన్ను తీసేసి ఏడు నెలలైంది. నీకు చెప్పలేదు.

నాకు చదవడం రాదు. ఎప్పుడూ రాలేదు. నీ సంచీ మీది పేరు మీ బడి పంతులుగారు రాసిచ్చిన చీటీ చూసి కుట్టాను. అందులో ఏ ముక్క నీదో, ఏది ఇంటిపేరో ఇప్పటికీ నాకు తెలీదు. కుట్టాక నువ్వు ఎగిరి గంతేశావు. "అక్కకి కూడా వచ్చు!" అని వాడంతా తిరిగి చెప్పావు. ఆ మొహం చూసి, రాదని ఎలా చెప్పను? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. నువ్వు పెద్ద క్లాసులకి వెళ్లేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

తొమ్మిదేళ్లు పేర్లు కుట్టాను. ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చి ఇచ్చేవారు. చీటీ చూడటం, కుట్టడం. నా అంత నున్నగా ఎవరూ కుట్టలేదు. ఆసుపత్రి నర్సమ్మల కోట్లు నలభై వచ్చినప్పుడు, చీటీలు గుచ్చే పిల్ల సెలవు. కొత్తామె వచ్చి అన్నీ తలకిందులుగా గుచ్చింది. నేను నలభై కోట్లకీ నలభై పేర్లు తలకిందులుగా కుట్టేశాను. ఒక్క కుట్టు తప్పలేదు.

మేస్త్రీ కోటు ఎత్తి పట్టుకుని, "ఇదేంటమ్మా, నర్సమ్మలు శీర్షాసనం వేస్తేగానీ పేరు కనపడదే!" అన్నాడు. హాలంతా నవ్వింది. "కళ్లు పోయాయా?" అన్నాడు. పోయాయన్నాను. రాదనడం కంటే అదే తేలికనిపించింది. కళ్లద్దాలు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నా. అవి పెట్టుకుంటే నిజంగానే మసకగా ఉంటోంది.

అందుకే ఆ పిల్ల సంగతి వినగానే నాకు తెలిసిపోయింది. పగుల్ని దాటి మిగతా సగం రాసిందన్నావే, నేనూ అంతే. అక్షరమేదో పగులేదో తెలిస్తే కదా వదిలేయడానికి. ఆ గీతలకి నోరుందని నాకెవరూ చెప్పలేదు. బాగుందన్నారు, ఇంకోటి ఇచ్చారు. దానికి కూడా అదే జరుగుతోంది.

ఒక్క మాట. దాని రాత మాన్పించకు. చెయ్యి దానికి వచ్చిన పని. బొత్తాం పట్టే కాజా కుట్టేటప్పుడు మేం కుట్లు పైకే లెక్కపెట్టుకుంటాం, నోరు ఆగితే చెయ్యి తప్పుతుంది. దాన్ని కూడా నోరు మూసుకుని రాయనీకు.

నా మీద కోపం వస్తే రానీ. దాని మీద మాత్రం వద్దు.

అక్క

బొత్తాలావిడ: ఇది రాస్తూ నేనే ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కళ్లద్దాలు తీసి నా డబ్బాలో పడేసింది.


ట్రైనీల హాస్టల్
తొమ్మిదో వారం, శనివారం

అక్కా,

నాలుగు వారాలు నీకు రాయలేదు. మొదటి వారం కోపంతో. నీ మీద అనుకున్నాను. ఆలోచిస్తే నా మీదే. పన్నెండేళ్లు నీ ఎదురుగా కూర్చుని చదువుకున్నాను, పుస్తకం నీ వైపు తిప్పి "ఇదేమిటక్కా?" అని ఒక్కసారీ అడగలేదు. ముత్యాలు అన్నట్టే. బాగుందన్నాను, అంతే.

తర్వాతి మూడు వారాలు తీరిక లేక. అన్నీ చెబుతాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే పెద్ద టీచర్ దగ్గరికి వెళ్లాను. అంతకుముందే ముత్యాలుని అడిగాను, "నీ పేరు ఎవరూ తీసేయరు, ఆ పూచీ నాది, చెప్పమంటావా?" అని. ఒక రోజంతా ఆలోచించుకుని తల ఊపింది.

"రెండేళ్లుగా నేను చూస్తున్న పిల్లని ఐదు వారాల్లో నువ్వు కనిపెట్టావా?" అన్నారు ఆవిడ. నేను తలకిందుల 'చేప'ని బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, తిప్పి చూసి, మళ్లీ మొదటిలాగే పెట్టారు. "పేరు నేనే పెట్టాను. ఆ పేరు వెనక దాక్కుందన్నమాట" అన్నారు. తర్వాత, "పట్టికలో కొట్టివేత ఉంటే లెక్చరర్‌గారు ఊరుకోరు. నీకే దెబ్బ. ఊరికే పట్టికలో అలా ఉండనిచ్చి, పిల్లకి నేర్పుకో" అన్నారు.

రెండు రోజులు ఊగిసలాడాను. నేను ఫెయిలైతే నన్ను చదివించడానికి నువ్వు ఇన్నేళ్లు పడ్డ పాట్లన్నీ ఏమవుతాయి? కానీ అలా ఉంచేస్తే, నాకు ఇబ్బందని దాని నిజాన్ని నేనే దాచినట్టు కాదా? దాని పేరు మీద గీత కొట్టి, కింద పదో పేరుగా రాసి, పక్కన "నా పొరపాటు" అని సంతకం పెట్టాను.

ఇక మా గంటలో ఒకటే కట్టుబాటు: నోరు మూసుకుని ఎవరూ రాయకూడదు. ఎంత రాస్తే అంత పలకాలి. పదిమందీ ఒకేసారి పలుకుతూ రాస్తుంటే పక్క తరగతివాళ్లు తలుపు వేసుకున్నారు. ముత్యాలు మొదట పెదాలు కూడా కదపలేదు. మూడో రోజు 'ప' రాస్తూ "ప" అని, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఉలిక్కిపడింది. "టీచర్, చేపలో ఉన్నది ఇదేనా?" అంది. చేపలో ఉన్నదీ అదే, పలకలో ఉన్నదీ అదే అన్నాను. "రెండింట్లోనూనా?" అంది. ఆ రోజంతా కనిపించిన కాగితమల్లా వెతికింది. గోడమీది సమయ పట్టిక, సుద్దముక్కల డబ్బా, నా చెప్పుల మీది ముద్ర. ఎక్కడ 'ప' దొరికినా నన్ను పిలిచి చూపించింది. ఇంత ఆత్రంగా అక్షరాన్ని వెతికే మనిషిని నేను చూడలేదు.

నిన్న లెక్చరర్‌గారు వచ్చారు. రికార్డు తిరగేస్తూ కొట్టివేత దగ్గర ఆగారు. "ఇదేమిటి?" అన్నారు. జరిగిందంతా చెప్పాను. "ఆ పిల్లని పిలు" అన్నారు. ఆయన బల్లకి అవతల కూర్చుని, పుస్తకం తనవైపు పెట్టుకుని, ఒక వరస మీద వేలుంచి "ఇది చదువమ్మా" అన్నారు. ఇవతల నిలబడ్డ ముత్యాలుకి పుస్తకం తలకిందులుగా ఉంది. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. ఏమీ అనకూడదని పళ్లు బిగబట్టాను.

అది ఒక నిమిషం చూసింది. తర్వాత రెండు చేతులతో ఆయన వేలి కింద నుంచి పుస్తకం లాక్కుని, తిప్పి పెట్టుకుంది.

మూడు ముక్కలు చదివింది. ఒక్కొక్కటీ కూడబలుక్కుని. నాలుగోది వచ్చేసరికి తలెత్తి, "ఇది నాకు ఇంకా రాదు సార్" అంది. అంతమందిలో, గట్టిగా. వెనక బెంచీలో పెద్ద టీచర్ కళ్లు తుడుచుకున్నారు.

రికార్డులో కొట్టివేతకి నాకు మార్కులు తగ్గించారు. తగ్గించాక అడిగారు, "చీటీ తలకిందులుగా పెట్టాలని నీకెలా తట్టింది?" అని.

"నాకు తట్టలేదు సార్. మా అక్క చెప్పింది."

"ఆవిడ కూడా టీచరా?"

ముందు వరసలోంచి నలుగురు ఒకేసారి అరిచారు, "కాదు సార్, పేర్లు కుడుతుంది!"

నేను పాసయ్యాను. అమ్మకి చెప్పు, ఇక దారినపోయేవాళ్లకి నిజమే చెప్పుకోవచ్చు.

ఈ కవరులో ముప్పై చీటీలున్నాయి. మా గంటలో వాడినవే, అదే వరసలో. ముత్యాలు తన చేత్తో రాసింది, ప్రతి చీటీకీ తల ఎటుందో తెలిసేలా పైన ఒక చుక్క కూడా పెట్టింది. "మీ అక్క తిప్పి పెట్టుకోవాలిగా" అంది. బొత్తాలావిణ్ణి పక్కన కూర్చోమను. నువ్వు పలుకుతూ రాయి. పలుకుతూ కుట్టినా సరే. నా సంచీ మీది పేరు ముక్క కూడా ఇందులోనే పెట్టాను.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, బొత్తాల బల్ల
మూడు నెలల తర్వాత

అమ్మాయ్,

నేను బొత్తాలావిణ్ణి. ఈసారి ఉత్తరం మీ అక్క చెప్పింది కాదు, నేనే రాస్తున్నా. ఆమె నాకు పని లేకుండా చేసింది, అందుకని కాస్త కోపంగా ఉన్నా. రోజూ భోజనాల వేళ హాలంతా వినపడేలా పలుకుతూ కుడుతుంది. మేస్త్రీ వచ్చి "ఇది కార్ఖానానా, బడా?" అంటే, "రెండూనూ" అంది. ఆయన పేర్ల బల్లకి మళ్లీ రమ్మన్నాడు. ఆలోచించుకుని చెబుతానంది, అంత పొగరు!

కవరులో ఒక గుడ్డముక్క పెట్టింది. నేను చెయ్యి వేయలేదు, నోరు కూడా మెదపలేదు, ఒట్టు. మొదటి వరస కొంచెం వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టమన్నా, వద్దంది.


చెల్లి
నీ పేరు చదివాను
సంచి మీద రెండో ముక్క
ఇది చూసి కుట్టలేదు
అక్క